మోసెస్ మావ మంచుకొండ

మోసెస్‌కి అన్యాయం జరిగింది బూట్ల దగ్గర. తొంభైల మొదట్లో, ఉత్తరాన హిమాలయాల్లో రోడ్డు పనికని ఒక మేస్త్రీ చింతపల్లి వైపు పల్లెల నుంచి కొంతమందిని తీసుకెళ్ళాడు. ఈ ఊరి నుంచి వెళ్ళింది మోసెస్ ఒక్కడే. మంచు పడి దారి మూసుకుపోకముందే అందరూ తిరిగొచ్చేశారు. మోసెస్ మాత్రం, మంచు ఎలా పడుతుందో చూసి వస్తానని ఉండిపోయాడు. అక్కడ ఒక పెద్ద కొండ ఉంది. కాళ్ళకి పొడుగాటి చెక్కలు కట్టుకుని మంచు మీద జారే ఆట కోసం దేశం నలుమూలల నుంచీ జనం ఆ కొండకి వస్తారు. పైదాకా ఇనప తీగ మీద నడిచే కుర్చీలు, కింద హోటళ్ళు, ఆట సామాను అద్దెకిచ్చే షెడ్లు. మోసెస్‌కి బూట్ల షెడ్డులో పని దొరికింది. చలికాలమంతా వచ్చినవాళ్ళ కాళ్ళ దగ్గర గొంతుక్కూచుని బూట్లు తొడిగాడు.

సీజను చివర ఒకరోజు పనివాళ్ళందర్నీ పైకి పంపి జారనివ్వడం ఆ కొండ మీద ఆనవాయితీ. ఆ రోజు వంటవాళ్ళు వెళ్ళారు, ఊడ్చేవాళ్ళు వెళ్ళారు. మోసెస్ వంతు వచ్చేసరికి మేనేజరు అతని పాదాలకేసి చూసి, నీ కాలికి సరిపడే జత లేదు, మిగతావి తుడిచిపెట్టు అన్నాడు. ఆ సైజు జతలు ఏ అరలో ఉన్నాయో మోసెస్‌కి తెలుసు. ముందురోజు సాయంత్రం తనే సర్దాడు. మిగతావి తుడిచిపెట్టి, మర్నాడు బస్సెక్కి వచ్చేశాడు.

ఈ సంగతి అతను భార్య మగ్దలేనమ్మకి ఒక్కసారి చెప్పాడు. ఊరందరికీ ఆవిడ చెప్పింది.

అంత అవమానం జరిగిన చోటు పేరు ఇంకెవరైనా అయితే మళ్ళీ ఎత్తరు. మోసెస్ పిచ్చి దీనికి సరిగ్గా తలకిందులు. ఎదురైన ప్రతి మనిషికీ ఆ కొండ మీద ఏమేం ఎదురవుతుందో, దేనికి సిద్ధపడి ఉండాలో చెప్పిగాని వదిలేవాడు కాదు. మిరియాలు కొనడానికొచ్చిన షావుకారుకి చెప్పాడు. పోలియో చుక్కలు వేయడానికొచ్చిన నర్సుకి చెప్పాడు. రేషను బియ్యం కోసం నిలబడ్డ ముసలమ్మలకి చెప్పాడు. పైగా వెళ్తే అనేవాడు కాదు. టిక్కెట్టు కొనుక్కుని జేబులో పెట్టుకున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేవాడు.

"ఎల్లినప్పుడు కుర్సీ ఎక్కే పాసు మెడలో ఏసుకో అత్తా. జేబులో ఎట్టుకోకు. మూడు సొక్కాల కింద జేబు నీకు దొరకదు."

ఒంటి మీద ఒకటే చీర ఉన్న ముసలమ్మ, అలాగే నాయనా అని బియ్యం సంచి నెత్తికెత్తుకునేది.

పాసు తరవాత బూట్లు. అవి తోలు బూట్లలాంటివి కావు. కాలు తీసుకెళ్ళి రోట్లో పెట్టి తాళం వేసినట్టు ఉంటుంది. బొటనవేలు కదలాలి, మడమ కదలకూడదు. కదిలితే మొహమాటపడకుండా వేరే జత అడగాలి. వాటితో నిండు నెలల మనిషిలా నడుస్తారు, సిగ్గుపడనక్కర్లేదు, అక్కడ జడ్జీలైనా అలాగే నడుస్తారు. తరవాత కుర్చీ. అది ఎవరికోసమూ ఆగదు. భుజం మీంచి వెనక్కి చూస్తూ, మోకాళ్ళు కాస్త వంచి, కుర్చీ తగలగానే కూచుని, ముందున్న అడ్డ కడ్డీ దించుకోవాలి. పైన దిగగానే ఎడమకి తప్పుకోవాలి. అక్కడే నిలబడి, అబ్బ ఎంత బాగుంది అనుకుంటే వెనక కుర్చీవాళ్ళు వచ్చి మీద పడతారు. దిగే దారులకి రంగుల జెండాలుంటాయి. ఆకుపచ్చ పసివాళ్ళది, నీలం కాస్త వచ్చినవాళ్ళది, ఎరుపు బాగా వచ్చినవాళ్ళది, నలుపు ఇంటి మీద ఆశ లేనివాళ్ళది. పడక తప్పదు. పడితే పక్కకి పడాలి, మంచం మీద ఒరిగినట్టు. ఎండ చల్లగానే ఉంటుంది గాని మొహం మాడ్చేస్తుంది. సాయంత్రం కుర్చీలు ఆపేశాక పైన మిగిలిపోయినవాణ్ణి దేవుడే దించాలి.

ఇదీ ఉపన్యాసం. పొద్దున్న లేచి మోసెస్ ఎవరికో ఒకరికి ఇది అప్పజెప్పకపోతే ఆ పూట అతనికి అంబలి సయించేది కాదు.

"ఆ కొండ మీద సేతిజోళ్ళు ఏ కిటికీ కాడ ఇత్తారో నాకు తెలుసు," అనేది మగ్దలేనమ్మ. "మా ఇంట్లో కొడవలి ఎక్కడున్నాదో ఈయనకి తెలీదు."

ఫిలిప్పుగారి అమ్మాయి సిల్వియా పెళ్ళిలో సంఘ పెద్దల్లో ఒకడిగా మోసెస్‌ని కూడా రెండు మాటలు చెప్పమన్నారు. పాస్టరుగారు అప్పటికే దాంపత్యం గురించి వాక్యం చదివి అలసిపోయి ఉన్నారు. మోసెస్ లేచి గొంతు సవరించుకుని, ఇద్దరూ దగ్గరగా కూచోండి, ఎడంగా కూచుంటే ఒకవైపు వాలిపోతుంది, కడ్డీ దించడం మర్చిపోకండి, కిందికి చూడకండి అన్నాడు. జనం చాలా లోతైన మాటలు అనుకుని ఆమెన్ అన్నారు. పెళ్ళికొడుకు మాత్రం ఆ కడ్డీ ఏమిటని చాలా రోజులు అందర్నీ అడిగాడట.

కొండబాబు జీపులో ఇంకో రకం. కొండబాబు చింతపల్లి ఘాటీ మీద జీపు తోలేవాడు. లోపల పట్టినంతమంది, టాపు మీద పట్టనంతమంది, వెనక మెట్టు మీద వేలాడేవాళ్ళు వేరే. ఆ ఇరుకులో, ఎవరిదో కోళ్ళ గంప ఒళ్ళో పెట్టుకుని, మోసెస్ కుర్చీ ఎక్కడం నేర్పుతుండేవాడు. ఒకసారి మలుపులో గేదె అడ్డం వచ్చి కొండబాబు బ్రేకు తొక్కాడు. అందరూ ఒకరి మీద ఒకరు కుప్పపడ్డారు. అడుగునుంచి మోసెస్ గొంతు ప్రశాంతంగా వినిపించింది.

"పక్కకి పడాలి. సెప్పేనా నేదా?"

"మావా, దిగి నడిసి రా," అన్నాడు కొండబాబు. "నీ కొండ మీద బళ్ళు నేవు గదా."

కొండబాబుకి మోసెస్ మీద అసలు కోపం వేరే ఉంది. రెండువేల సంవత్సరం తరవాత చలికాలం తెల్లవారుజామున విశాఖ నుంచి కార్లు రావడం మొదలైంది. గడ్డి మీద, ఎండు ఆకుల మీద తెల్లగా పేరుకునే పొడిమంచు చూడ్డానికి. కొండబాబు వాళ్ళని జీపెక్కించుకుని, కాశ్మీరు ఇదే, స్నో ఇదే అని తిప్పేవాడు. వాళ్ళు ఆనందపడి ఫొటోలు తీసుకుంటూ ఉండగా పొదల్లోంచి మోసెస్ వచ్చేవాడు. గడ్డిపరక మీద వేలితో రాసి, తడిసిన వేలు చూపించి, ఇది మంచు కాదు బాబూ, మంచయితే బూటు మునగాలి, మోసపోకండి అనేవాడు. ఆ తరవాత వాళ్ళని వరసగా నిలబెట్టి, ఎల్లినప్పుడు ఏం చెయ్యాలో చెప్పేవాడు. కార్లవాళ్ళు చలికి వణుకుతూ, అరగంట సేపు, మర్యాద కోసం వినేవాళ్ళు.

ఈ ఉపన్యాసం ప్రపంచంలో అందరికంటే ఎక్కువసార్లు విన్నవాడు పక్కింటి సురేంద్ర.

మోసెస్ తిరిగొచ్చిన ఏడు సురేంద్రకి ఇంకా నిక్కరు నడుమున నిలిచేది కాదు. జీలుగు చెట్టు మట్ట మీద కూచుని గడ్డి దిబ్బ మీంచి జారడం ఆ ఊరి పిల్లలకి ముందునుంచీ ఉన్న ఆటే. మోసెస్ దాన్ని ఆటగా ఉండనివ్వలేదు. దిబ్బ పొడుగునా రంగు గుడ్డ పీలికలు కట్టాడు. పిల్లల్ని వరసలో నిలబెట్టాడు. పక్కకి పడ్డవాడికి చప్పట్లు కొట్టాడు, బోర్లా పడ్డవాణ్ణి మళ్ళీ పైనుంచి రమ్మన్నాడు. మిగతా పిల్లలు మోచేతులు మానగానే ఆ కొండని మర్చిపోయారు. సురేంద్ర మర్చిపోలేదు. కళ్ళు మూసుకుంటే తెల్లగా కనిపించేది. తెరిస్తే సిల్వరోకు చెట్లు, వాటికి పాకిన మిరియం తీగలు, వాటి కింద కాఫీ మొక్కలు, కాఫీ మొక్కల కింద తను.

ఇంటరు తప్పాడు. ఆ తరవాత చదువు మానలేదు, కాలేజీ మానేశాడు. పకోడీ పొట్లాలు విప్పి చదివాడు. మిషను స్కూలువాళ్ళు పారేసిన పత్రికలు చదివాడు. అట్ట ఊడిన భూగోళం పుస్తకం కంఠతా పట్టాడు. చదివినకొద్దీ ఊరు చిన్నదైంది, మనుషుల మాటలు ఇంకా చిన్నవయ్యాయి. పగలంతా కాఫీ పళ్ళు కోసి, సాయంత్రం ఘాటీ మలుపులో బండ మీద కూచుని, కిందికి దిగే జీపుల వెనక ఎర్రదీపాలు చూస్తుండేవాడు. జీపులో ఎవరున్నా సరే, ఎక్కడికి వెళ్తున్నా సరే, అసూయపడేవాడు. ఒకసారి పురిటికి పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్న మనిషిని చూసి కూడా అసూయపడ్డాడు.

ఒకరోజు కల్లంలో కాఫీ గింజలు ఆరబోస్తూ ఉండబట్టలేక అనేశాడు.

"మావా, ఆ కొండ సంగతి నువ్వు సెప్పకుండా ఉంటే నాను ఈపాటికి పెళ్ళి సేసుకుని, ఇద్దరు పిల్లల్ని కని, సుఖంగా ఉందును."

మోసెస్ ఆరబోసిన గింజలు చేత్తో కలియబెట్టాడు.

"పిల్లల్నయితే ఆకుపచ్చ దారికి తీసుకెల్లు," అన్నాడు.

రెండువేల నాలుగో అయిదో, వానలు వెనకపట్టిన రోజుల్లో కొండబాబు ఒక కబురు తెచ్చాడు. ఉత్తరాన మంచుకొండ మీద హోటలున్న కంపెనీ ఒకటి కొండ ప్రాంతాల కుర్రాళ్ళని పనిలోకి తీసుకుంటోంది. ఎత్తు మీద పుట్టినవాళ్ళయితే ఆ ఎత్తుకి తట్టుకుంటారని వాళ్ళ నమ్మకం. చింతపల్లి కాలేజీలో ఒక గది తీసుకుని కూచున్నారు. కావలసింది ఒక్క మనిషి, బూట్ల షెడ్డుకి. ఏ కొండో కూడా కొండబాబు అడిగి వచ్చాడు. మోసెస్ చెప్పే కొండే. కంపెనీ మారింది.

సురేంద్ర ఆ వారంలో తనకి ఉన్న ఒక్క తెల్లచొక్కా ఉతికి, పరుపు కింద పెట్టి మడతలు తీశాడు. ఈ జీపు కూడా తనని వదిలి దిగిపోతే ఇంక ఏ జీపూ ఉండదని అతనికి తెలుసు. మోసెస్ మావని అడగమని తల్లి చెప్పింది. ఆ జీపు కబుర్లు కోటు వేసుకున్నవాళ్ళ ముందు చెబితే నవ్వుతారని కసురుకున్నాడు. అయినా ఆ రోజు పొద్దున్న జీపులో మోసెస్ ఎక్కి కూచునే ఉన్నాడు. తోడు వస్తున్నానన్నాడు.

గదిలో సర్వేశ్వరరావు అనే ఆయన ఉన్నారు. రాజమండ్రి మనిషి, ఆ హోటల్లో పనివాళ్ళ వ్యవహారమంతా ఆయనదే. అప్పటికి చాలామందిని చూసి నీరసపడి ఉన్నారు. ఈ ఉద్యోగం గురించి నీకేం తెలుసు బాబూ అని సురేంద్రని అడిగారు. సురేంద్ర హిమాలయాలు ముడత పర్వతాలని మొదలుపెట్టాడు. శిఖరాల ఎత్తులు చెప్పాడు. నదులు ఎక్కడ పుడతాయో చెప్పాడు. సర్వేశ్వరరావు ఎదుట కాగితం మీద ఏనుగు బొమ్మ వేస్తూ విన్నారు. తొండం దాకా వచ్చాక తలెత్తారు.

"అంతా బాగానే ఉంది. ఒకావిడ వచ్చి నీ ఎదురుగా కూచుని కాలు చాపింది. బూటు సరిపోయిందో లేదో నీకెలా తెలుస్తుంది?"

సురేంద్ర చదివిన భూగోళంలో ఆ పాఠం లేదు.

"బొటనేలు కదలాల బాబూ," అంది కిటికీ. "మడమ కదలకూడదు."

సర్వేశ్వరరావు కిటికీ వైపు చూశారు. చువ్వల మధ్య మోసెస్ మొహం, దాని పక్కన కొండబాబు మొహం, వాటి వెనక జీపు నిండా వచ్చిన ఊరు. లోపలికి రమ్మన్నారు. మోసెస్ చెప్పులు బయట విడిచి వచ్చి, చేతులు కట్టుకుని, మొదట్నుంచి అందుకున్నాడు. పాసు, బూట్లు, కుర్చీ, జెండాలు. సర్వేశ్వరరావు కలం కింద పెట్టేశారు. పైన దిగేచోట ఎడమవైపు తప్పుకోవాలన్నప్పుడు, అక్కడ మంచు గట్టిపడి గాజులా ఉంటుంది కదా, ఏం చేసేవాళ్ళు అని అడిగారు. మోసెస్ ఆగిపోయాడు. అన్నేళ్ళ ఉపన్యాసంలో విన్నవాడు తిరిగి ప్రశ్న వేయడం అదే మొదలు. పొయ్యిలో బూడిద తెచ్చి ఇలా జల్లేవాళ్ళమని చేత్తో చూపించాడు. ఆయన టీ తెప్పించారు. ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు సంతలో కలిసినట్టు మాట్లాడుకున్నారు. బూట్లు లేవన్న మేనేజరు సంగతి కిటికీలోంచి కొండబాబు అందించాడు. సురేంద్ర గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అతను ఆ గదిలో ఉన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

"వయసు సంగతి నేను చూసుకుంటాను," అన్నారు సర్వేశ్వరరావు. "నువ్వే వచ్చెయ్యి. షెడ్డు నీకు అప్పజెబుతాను. సీజను చివర పనివాళ్ళ రోజు ఇప్పటికీ ఉంది. నీ సైజు జత నువ్వే తీసి పక్కన పెట్టుకో, ఎవడు కాదంటాడో చూస్తాను."

మోసెస్ తలవంచి తన పాదాలకేసి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. సురేంద్రకి కోపం కూడా రాలేదు. మలుపులో బండ కనిపించింది, అంతే. దిగిపోయే ఎర్రదీపం కనిపించింది. ఈసారి జీపులో ఉన్నది మావ.

మోసెస్ తలెత్తి గోడవైపు చూశాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు.

"బాబుగోరూ, తప్పయిపోనాది. నాను ఏ కొండా సూడలేదండి."

సర్వేశ్వరరావు టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది.

"ఇదంతా ఈ గుంటడు పుస్తకాల్లో సదివి నాకు సెప్పిందేనండి. ఊళ్ళో గొప్పకి నాను ఎల్లొచ్చినట్టు సెప్పుకున్నాను."

"మరి ఇతను ఇందాక నోరెత్తలేదేం?"

"సిగ్గండి. నాలుగు మాటలు సెప్పరా అంటే కొండల ఎత్తులు సెప్తాడు. ఒకపాలి మీరు కుర్సీ కాడి నుంచి అడగండి, సూడండి."

ఆయన అడిగారు. సురేంద్ర నోరు తెరిచాడు. ఏం చెప్పాలో తను వెతుక్కోలేదు. కుర్చీ ఎవరికోసమూ ఆగదండి అని అదే బయటికి వచ్చింది. భుజం మీంచి చూడ్డం వచ్చింది, మోకాళ్ళు వచ్చాయి, ఎడమకి తప్పుకోవడం వచ్చింది. మోసెస్ దగ్గేచోట తనూ దగ్గాడు. మోసెస్ చెయ్యి తిప్పేచోట తనూ తిప్పాడు. నల్లజెండా ఇంటి మీద ఆశ లేనివాళ్ళది అనేసరికి సర్వేశ్వరరావు పొట్ట పట్టుకుని నవ్వారు. ఏనుగు బొమ్మ వేసిన కాగితం తిరగేసి పేరు రాసుకున్నారు.

జీపు ఘాటీ ఎక్కుతున్నంతసేపూ కొండబాబు తిడుతూనే ఉన్నాడు. ఇన్నేళ్ళూ తన ప్రయాణికుల ప్రాణాలు తోడేసింది ఉత్త అబద్ధమా అన్నాడు. విశాఖవాళ్ళ ముందు తన స్నోని స్నో కాదన్నది, స్నో మొహం చూడనివాడా అన్నాడు. మోసెస్ కోళ్ళ గంప ఒళ్ళో పెట్టుకుని మాట్లాడకుండా కూచున్నాడు. దిగాక సురేంద్ర అతని చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"నాను నీకు నేర్పేనా మావా? నువ్వొచ్చినప్పుడు నాకు నిక్కరు నిలిసేది కాదు."

"మరేటి, నీకాడే నేర్సుకున్నాను," అన్నాడు మోసెస్ ఎటో చూస్తూ. "బేగి బట్టలు సర్దుకో. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు."

నిజం చెప్పడానికి సురేంద్రకి ఒకటే దారి ఉంది, ఉద్యోగం వదులుకోవడం. ఆ రాయి మింగి ఊరుకున్నాడు.

ఊళ్ళో అందరూ తేలిగ్గా నమ్మేశారు. మేము ముందే అనుకున్నాం, ఆ చలికాలమంతా ఏ విశాఖలోనో కూలి చేసుకుని వచ్చుంటాడు అన్నారు. ఆ బూట్లు లేవన్న మేనేజరు కూడా కట్టుకథే అన్నమాట అన్నారు. ఒక్క మగ్దలేనమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళూ ఆ కొండని తిట్టిన మనిషి ఇప్పుడు ఆ కొండ లేదన్నవాళ్ళని తిట్టడం మొదలుపెట్టింది.

"కొండ నేకపోతే మరి నాను ఇన్నాళ్ళూ ఇన్నదేటి?" అని బావి దగ్గర అడిగేది.

సురేంద్ర బయల్దేరిన రోజు ఊరంతా జీపు దగ్గరికి వచ్చింది. మోసెస్ కూడా వచ్చాడు. అలవాటు కొద్దీ నోరు తెరిచి, జనాన్ని చూసి మూసేశాడు. ఇన్నేళ్ళలో ఆ ఉపన్యాసం నిజంగా అవసరమైన మనిషి ఒక్కడే బయల్దేరుతున్నాడు, వాడికి మాత్రం చెప్పడానికి లేదు. సురేంద్ర భుజం మీద ఒక తట్టు తట్టి, చలికి జాగర్త అని, గబగబా వెళ్ళిపోయాడు.

కొండ మీద మొదటిరోజు కుర్చీ వచ్చి సురేంద్ర మోకాళ్ళ వెనక తగిలింది. అతను సరిగ్గా కూచున్నాడు. కొత్తగా చేరినవాళ్ళలో కూచున్నది అతనొక్కడే, మిగతావాళ్ళు మంచులో బోర్లా ఉన్నారు. పైన దిగి ఎడమకి తప్పుకున్నాడు. చిన్నప్పట్నుంచీ కళ్ళు మూసుకుని చూసిన తెలుపు కళ్ళు తెరుచుకునే చూశాడు. అది అంత పెద్దదని మావ చెప్పలేదు. చెప్పడానికి మాటలుండవు. అన్నేళ్ళు రావాలని ఏడ్చిన చోటికి వచ్చి నిలబడితే, విచిత్రంగా, పక్కన ఎవరైనా మన ఊరివాళ్ళుంటే బాగుండునని అనిపించింది. చలికాలమంతా బూట్లు తొడుగుతూ, కూచున్న ప్రతివాళ్ళకీ కుర్చీ ఎలా ఎక్కాలో తనంతట తనే చెప్పడం మొదలుపెట్టాడు. వద్దన్నా చెప్పేవాడు. పనివాళ్ళ రోజున ఆకుపచ్చ దారి మీద కొసదాకా పడుతూ లేస్తూ దిగాడు. పడ్డ ప్రతిసారీ పక్కకే పడ్డాడు.

సెలవుకి ఊరొచ్చేసరికి వేసవి తొలి జల్లుకి కాఫీ పూసింది. వాలులన్నీ తెల్లగా ఉన్నాయి. కొండబాబు దాన్ని కూడా విశాఖవాళ్ళకి స్నో కిందే చూపిస్తున్నాడు. ఇప్పుడు కాదనడానికి పొదల్లోంచి ఎవరూ రావడం లేదు.

నూకరత్నం టీ కొట్టు దగ్గర జనం సురేంద్రని కూచోబెట్టి చెప్పమన్నారు. చెప్పాడు. ఒక్కరూ నవ్వలేదు. మోసెస్ ఒక పక్క బల్ల మీద కూచుని, ఎన్నడూ విననివాడిలా నోరు తెరుచుకుని విన్నాడు. మధ్యలో, ఆ కుర్సీ ఆగదా అల్లుడా అని కూడా అడిగాడు. సురేంద్ర ఇంక పట్టలేకపోయాడు. లేచి నిలబడి, ఇదంతా మోసెస్ మావ చెప్పిందే, మావ నిజంగా అక్కడ పనిచేశాడు, ఉద్యోగం నాకు రావాలని ఆ రోజు అబద్ధం ఆడాడు అని అందరి ముందూ చెప్పేశాడు.

కొట్లో అందరూ మోసెస్ వైపు తిరిగారు. మోసెస్ టీ ఊదుకుంటూ తల అడ్డంగా తిప్పాడు.

"మంచి గుంటడు. నా పరువు నిలబెట్టడానికి ఎంత అబద్ధం ఆడుతున్నాడో సూడండి."

జనం కళ్ళు చెమర్చాయి. కొండబాబు లేచి వచ్చి సురేంద్ర వీపు తట్టాడు. ఉత్తరాది నీళ్ళు పడ్డాక కుర్రాడికి ఎంత గుణం వచ్చిందో అన్నారు. సురేంద్ర ఒట్టేసి చెప్పినకొద్దీ అతని మంచితనం ఇంకా ఇంకా పెరిగిపోయింది. చివరికి నోరు మూసుకుని టీ తాగాడు.

సెలవు అయిపోయి మళ్ళీ బయల్దేరినప్పుడు, జీపు దాకా సంచి మోస్తానని మోసెస్ పట్టుబట్టి వచ్చాడు. వాళ్ళిద్దరూ ఇప్పటికి ఆఖరిసారి కలుసుకున్నది అప్పుడే. పూసిన తోటల మధ్య దారిలో సురేంద్ర నిలబడిపోయి, ఇంకా ఎందుకు మావా ఆ అబద్ధం, నాకు ఉద్యోగం వచ్చేసింది కదా అని అడిగాడు. మోసెస్ సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"ఇన్నేళ్ళు నాను సెప్పేను. అందరూ నవ్వేరు. నానూ ఎల్తానన్నోడు నువ్వు తప్ప ఒక్కడు నేడు. నువ్వు ఒక్క పూట సెప్పేవు. నూకరత్నం కూతురు బేబి లేదా, ఆ గుంట నిన్న నాకాడికొచ్చి, ఆడోళ్ళని కూడా తీసుకుంటారేటి అని అడిగింది. నిజం గొడవ ఒగ్గీ. నువ్వే సెప్పు, నీ మాటకి ఎల్తారు." కొంచెం దూరం నడిచి, మళ్ళీ ఆగి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని అన్నాడు. "కాకపోతే ఆ కుర్సీ ఎక్కేకాడ నువ్వు మరీ బేగి సెప్పేత్తన్నావు. అక్కడ కాత్త నెమ్మదిగా సెప్పు అల్లుడా, నానూ ఇంటన్నాను."